గడ్డకట్టిన సరస్సు మీద చిన్న జనరేటర్: ఆ జానెడు గొట్టం గురించి ఎవరూ ఎందుకు రాయరు?

జనరేటర్ కొనే ముందు నేను చదివిన సమీక్షలన్నీ ఎన్ని వాట్లు, ఎంత బరువు, ఎంత శబ్దం అన్న లెక్కల చుట్టూనే తిరిగాయి. రాత్రంతా మైనస్ 20 ఫారెన్‌హీట్‌లో, అంటే దాదాపు మైనస్ 29 సెల్సియస్‌లో నడిస్తే ఇంజన్ లోపలి ఒత్తిడిని బయటికి వదిలే జానెడు బ్రీదర్ గొట్టం ఏమవుతుందో ఒక్కరూ రాయలేదు. మిన్నెసోటాలో ఉంటూ చలికాలంలో సరస్సుల మీదికి చేపలకు వెళ్ళడం మొదలుపెట్టిన మనవాళ్ళు నన్ను తరచూ ఏ జనరేటర్ కొనాలని అడుగుతుంటారు. వాళ్ళందరికీ కలిపి ఇక్కడ చెప్తున్నా.

నాది 2,200 వాట్ల ఇన్వర్టర్ మెషీన్, ఒక్క చేత్తో మోసుకెళ్ళే రకం. కంపెనీ పేరు అనవసరం. ఈ సైజులో పెట్రోలుతో నడిచే మెషీన్లు చాలావాటిలో ఇంజన్ తీరు ఒకటే, నేను చెప్పబోయే జబ్బూ వాటికి ఉన్నదే.

ముందు నచ్చింది చెప్తా. దీని ఎకో స్విచ్ అంటే నాకు చాలా ఇష్టం. అది వేసి ఉంచితే లోడు తగ్గగానే ఇంజన్ తనంతట తానే నెమ్మదిస్తుంది. గాలన్ కూడా పట్టని ట్యాంకుతో, తక్కువ లోడు మీద ఏడెనిమిది గంటలు లాగుతుంది. ఫిష్ హౌస్ (గడ్డ మీద కూర్చుని చేపలు పట్టే చిన్న గది) తలుపు వేసుకుంటే అది నడుస్తున్న సంగతే తెలియదు. మా ఊళ్ళో పెళ్ళిపందిరి వెనక డగడగలాడే డీజిల్ జనరేటర్ పక్కన పెరిగిన నాకు, మొదటి చలికాలమంతా ఆ నిశ్శబ్దం ఒక వైభోగంగా ఉండేది. నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, హీటర్ ఫ్యాను, ఫోన్ల చార్జర్లు, గడ్డకి రంధ్రం చేసే ఆగర్ బ్యాటరీ, భోజనం వేళకి చిన్న రైస్ కుక్కర్. ఇంతకు మించి మాకు ఏమీ అక్కర్లేదు. పట్టిన పెర్చ్ చేపల్ని అక్కడే శుభ్రం చేసి, ఉప్పూ కారం పట్టించి వేపుకుని, వేడన్నంతో తినడం కోసమే సగం మంది వస్తారు మా జట్టులో.

ఆ తర్వాతి జనవరిలో జరిగింది ఇది. మిల్ లాక్స్ సరస్సు మినియాపొలిస్‌కి ఉత్తరాన రెండు గంటల దారి. 1,32,000 ఎకరాల నీరు, వాలై చేపకు పేరు. చిన్న కారు వెళ్ళడానికి 9, 10 అంగుళాల గట్టి మంచుగడ్డ ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్తుంది. ఆ రోజు మేం తవ్విన చోట అంతకు రెట్టింపు పైనే ఉంది. రిసార్టు వాళ్ళు మంచు తీసి వేసిన దారిలో వెళ్ళి, సాయంత్రానికి గాలాలు వేసుకుని కూర్చున్నాం. జనరేటర్‌ని దూరంగా, గాలి వాలు చూసి, చెక్క పలక మీద పెట్టాం. ఆయిల్ కొత్తది, పెట్రోలు తాజాది, ఎకో స్విచ్ వేసి ఉంది. వాడకంలో వంక పెట్టడానికేమీ లేదు.

అర్ధరాత్రి దాటాక మా బావమరిది తల ఎత్తి, "బావా, శబ్దం తేడాగా ఉంది, విన్నావా?" అన్నాడు. ఇంజన్ ఎక్కుతూ దిగుతూ ఉంది. లైట్లు ఒకసారి మసకేసి మళ్ళీ వెలిగాయి. బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళేలోపు ఆగిపోయింది. టార్చి వేసి చూస్తే ఆయిల్ హెచ్చరిక లైటు ఎర్రగా ఉంది. పలక మీద, దాని కింద మంచు మీద నల్లటి మడుగు. సాయంత్రం పోసిన ఆయిల్‌లో సగానికి పైగా అక్కడే ఉంది.

బావమరిది మళ్ళీ ఆయిల్ పోసి తాడు లాగబోతుంటే, పక్క ఫిష్ హౌస్‌లోంచి ఒక పెద్దాయన మా టార్చి వెలుగు చూసి వచ్చాడు. మడుగు చూడగానే, "లాగకు బాబూ, గొట్టం మూసుకుపోయి ఉంటుంది, ఉన్న ఆయిల్ కూడా బయటికి కక్కుతుంది" అన్నాడు. గ్లవ్స్ తీసేసి పక్క కవర్ విప్పాడు. ఇంజన్ తల దగ్గర మొదలై ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళ్ళే నల్ల రబ్బరు గొట్టాన్ని పీకి, అరచేతిలో కాసేపు పట్టుకుని పిండాడు. ఫిల్టర్ వైపు కొనలోంచి పెన్సిలంత మందాన ఒక తెల్లటి ఐసు ముక్క జారి పడింది. కొంచెం ఆయిల్ కలిసి గోధుమ రంగు చారలు ఉన్నాయి దాని మీద. అంతే, రాత్రంతా మా కొంప ముంచింది ఆ ముక్కే.

సంగతి ఇది. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి మండిన వాయువు కొంత ఎప్పుడూ కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి దిగుతూనే ఉంటుంది, దానితో పాటు ఆ ఆవిరీ దిగుతుంది. ఆ ఒత్తిడి బయటికి పోవడానికే బ్రీదర్ గొట్టం. అది ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో తేలుతుంది, బయటి గాలిని ఇంజన్ పీల్చుకునేది కూడా అక్కడే. మైనస్ 29 సెల్సియస్ గాలి ఆ కొనకి తగులుతుంటే తడి ఆవిరి అక్కడికక్కడ గడ్డకడుతుంది. పొర మీద పొర పేరుకుని చివరికి బిరడా పడుతుంది. లోపలి ఒత్తిడికి దారి లేక ఆయిల్ సీల్‌ని తోసుకుని బయటపడుతుంది. ఆయిల్ తగ్గగానే సెన్సర్ ఇంజన్‌ని ఆపేస్తుంది. సెన్సర్ పని చేసింది కాబట్టి ఇంజన్ దక్కింది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఆ రాత్రి పెద్దాయన ప్రొపేన్ హీటర్ ఒకటి అరువిచ్చాడు, తెల్లవారేదాకా దాంతో నెట్టుకొచ్చాం. నాకు కోపం వచ్చింది తర్వాత, సర్వీసు షాపు దగ్గర. సీల్ పోయిందని రాసిచ్చి, వారంటీ వర్తించదన్నారు. మాన్యువల్ వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో, వాడదగ్గ ఉష్ణోగ్రత ఇంత వరకే అన్న ఒక్క లైను చూపించారు. డబ్బా మీద మంచు కొండల బొమ్మ వేసి, చలి దేశంలో, చేపల సామాను పక్క అరలో పెట్టి అమ్మే మెషీన్‌కి ఆ లైను డబ్బా మీదే ఉండాలి. కొనే మనిషి దేనికోసం కొంటున్నాడో తెలిసి అమ్మినప్పుడు ఆ మాట కౌంటర్ దగ్గరే చెప్పాలి. ఈ విషయంలో నా పట్టు సడలదు.

సీల్ మార్పించాక అదే మెషీన్ వాడుతున్నా. కానీ పద్ధతి మారింది. పైన అంత మెచ్చుకున్న ఎకో స్విచ్‌ని సున్నా ఫారెన్‌హీట్ (దాదాపు మైనస్ 18 సెల్సియస్) కిందికి దిగితే నేనిప్పుడు వేయను. తక్కువ లోడు మీద, నెమ్మదిగా తిరిగే ఇంజన్ వేడెక్కదు, వేడెక్కని ఇంజన్‌లోనే తడి ఎక్కువ పేరుకుంటుంది. ఎకో తీసేసి, ఐదారు వందల వాట్ల లోడు పెడితే గొట్టం పొడిగా ఉంటోంది. దానివల్ల శబ్దం పెరుగుతుంది, పెట్రోలు తాగుతుంది, నేను సంబరపడిన నిశ్శబ్దం గట్టి చలి రాత్రుల్లో దొరకదు. ఇంకా గొట్టానికి నురుగు తొడుగు వేశాను. గాలి నేరుగా తగిలే వైపు ప్లైవుడ్ అడ్డు పెడతాను, మూడు వైపులే, పైన ఖాళీ. ఎగ్జాస్ట్ వెనక్కి తిరిగి రాకుండా అటు పూర్తిగా తెరిచి ఉంచుతాను. ఆయిల్‌ని చలిలోనూ పల్చగా ఉండే 0డబ్ల్యు-30 సింథటిక్‌కి మార్చాక తాడు లాగడం కూడా తేలికైంది. చలికి బిగుసుకున్న మామూలు ఆయిల్‌తో తాడు లాగి భుజం పట్టేసినవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. బయల్దేరే ముందు రాత్రి మెషీన్‌ని ఇంటి లోపలే ఉంచుతాను, అది కూడా ట్యాంకు ఖాళీ చేసి.

పెట్రోలు సంగతి ఒక్క మాట. మిన్నెసోటాలో మామూలు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. చిన్న ఇంజన్ల కోసమని ఇథనాల్ కలపని ప్రీమియం కొన్ని బంకుల్లో విడిగా అమ్ముతారు. నెలల తరబడి గరాజ్‌లో ఉండే మెషీన్‌కి అదే పోయండి.

చలికి ఆగిపోతోందని జనరేటర్‌ని ఫిష్ హౌస్ గుమ్మంలోకి, గుడారం అంచు కిందికి లాగేవాళ్ళని నా కళ్ళతో చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళని నిద్రలోనే తీసుకుపోతుంది. ఇంటి దగ్గరైనా, గడ్డ మీదైనా కనీసం 20 అడుగులు దూరం పెట్టి, ఎగ్జాస్ట్‌ని అవతలికి తిప్పి, లోపల బ్యాటరీతో పనిచేసే అలారం ఒకటి పెట్టుకోండి. చలికి మెషీన్ ఆగిపోతే ఆగనివ్వండి, సామాను సర్దుకుని ఇంటికి వచ్చేయొచ్చు.

ఇక ఇంటి వాడకం. ఇక్కడ అది నన్ను నిజంగా సంతోషపెట్టింది, కానీ మొదటి గంట కాదు. ఒక డిసెంబర్‌లో బరువైన తడిమంచు పడి కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి, రెండో రోజుకి కూడా కరెంటు రాలేదు. ఇల్లు వెచ్చబరిచే మా ఫర్నేస్ సహజవాయువుతో నడిచేదే అయినా దాని ఫ్యానుకి, బోర్డుకి కరెంటు కావాలి. అంతకుముందే ఎలక్ట్రీషియన్ ఫర్నేస్‌కి ప్లగ్ పెట్టి ఇచ్చాడు. వైరు లాగి నేరుగా జనరేటర్‌కి తగిలించాం. ఫ్యాను తిరిగింది, బర్నర్ వెలిగింది, కొన్ని సెకన్లకి ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. చివరికి బోర్డు లాకౌట్‌లోకి వెళ్ళింది, అంటే వెలిగించే ప్రయత్నమే మానేసింది. ఇంట్లో పిల్లలు స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఆ టెన్షన్ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఫోనులో ఎలక్ట్రీషియన్ దొరికాడు, విషయం అప్పుడు తెలిసింది. మంట వెలిగిందో లేదో బోర్డు కనిపెట్టేది మంట గుండా ప్రవహించే అతి చిన్న కరెంటుతో. అది ఫర్నేస్ ఇనప ఒళ్ళు ద్వారా, అంటే ఎర్త్ మీదుగా, తిరిగి న్యూట్రల్‌కి చేరాలి. ఇంటి ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ కలిపే ఉంటాయి. నా దానిలాంటి చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో ఆ రెండూ విడివిడిగా ఉంటాయి. దారి తెగింది కాబట్టి మంట ఉన్నా బోర్డుకి కనపడదు, భద్రత కోసం గ్యాస్ ఆపేస్తుంది. ఆ రెంటినీ కలపడానికి జనరేటర్ రెండో సాకెట్‌లో పెట్టే బాండింగ్ ప్లగ్ ఒకటి దొరుకుతుంది, ఖరీదు కొద్దిపాటిదే. ఎలక్ట్రీషియన్ తన బండిలో ఉన్నది తెచ్చి ఇచ్చాడు. అది పెట్టగానే బర్నర్ నిలబడింది. ఆ రాత్రి ఫర్నేస్, ఫ్రిజ్, వైఫై, రెండు లైట్లు ఎకో మోడ్‌లోనే నడిచాయి. తడిమంచు పడే రోజు చలి అంత ఉండదు కాబట్టి గొట్టం భయం కూడా లేదు. పక్కింటివాళ్ళు ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి వచ్చి, శబ్దం వినపడక, మెషీన్ ఎక్కడుందని అడిగారు.

ఆ బాండింగ్ ప్లగ్ ఫర్నేస్‌ని నేరుగా వైరుతో తగిలించినప్పుడే. ఇంటిని బయటి లైను నుంచి తప్పించి జనరేటర్‌కి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ ద్వారా ఇంటి ప్యానెల్‌కి కలిపితే అక్కడ బంధం ముందే ఉంటుంది, ప్లగ్ తీసేయాలి. స్విచ్ లేకుండా గోడ సాకెట్‌లోంచి ఇంట్లోకి కరెంటు ఎక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బయట తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు.

మా బావమరిది ప్రొపేన్ కూడా వాడుకునే మోడల్ కొందామంటున్నాడు. పెట్రోలు పాడవుతుందన్న బెంగ ఉండదు, ఇంటికి మంచిదే. సరస్సు మీదికి నాకు నమ్మకం లేదు. ప్రొపేన్ మైనస్ 42 సెల్సియస్ దగ్గర మరుగుతుంది. దాని దరిదాపుల చలిలో సిలిండర్‌లో ఒత్తిడి పడిపోతుంది, వాడేకొద్దీ సిలిండర్ ఇంకా చల్లబడుతుంది. బ్రీదర్ గొట్టం దానికీ ఉంటుంది, పెట్రోలు మండినా ప్రొపేన్ మండినా నీటి ఆవిరి తప్పదు. ఏది కొన్నా షాపులోనే పక్క కవర్ తీయించి ఆ గొట్టం చూడండి. పనిముట్లు లేకుండా చేతికి అందుతుందా, ఎయిర్ డబ్బాలో ఎక్కడ తేలుతుంది, ఈ రెండూ అడగండి. చెప్పలేకపోతే వేరే షాపుకి వెళ్ళండి.

ఒక్క రాత్రికి వెళ్ళేటప్పుడు నేనిప్పుడు జనరేటర్ తీసుకెళ్ళడమే తగ్గించాను. లిథియం పవర్ స్టేషన్ (సాకెట్లున్న పెద్ద బ్యాటరీ పెట్టె) ఒకటి వెచ్చటి ఫిష్ హౌస్ లోపల పెట్టుకుంటే లైట్లకి, ఫ్యానుకి సరిపోతుంది, పొగ గొడవా ఉండదు. గడ్డకట్టే చలిలో దాన్ని చార్జ్ చేయకూడదు, అది ఇంటి దగ్గరే చేసుకుంటాను. వారాంతం అంతా ఉండేవాళ్ళకి, చక్రాల మీద లాక్కెళ్ళే పెద్ద ఫిష్ హౌస్ (వీల్ హౌస్) ఉన్నవాళ్ళకి అది చాలదు, జనరేటర్ తప్పదు.

ఇదే మెషీన్ మళ్ళీ కొంటానా అంటే, మా ఇంటి వరకు కొంటాను. మాది సిటీ నీళ్ళ ఇల్లు, గ్యాస్ ఫర్నేస్, బేస్‌మెంట్‌లో పంపు లేదు. ఊరి బయట బావి పంపు మీద బతికే ఇళ్ళకి చాలా వరకు 240 వోల్టులు కావాలి, అది దీనిలోంచి రాదు. వాళ్ళు ఇంటికి పెద్దది ఒకటి విడిగా చూసుకుని, చేపల కోసం ఇంతకంటే చిన్నది తీసుకోవడం మంచిది. చేపల కోసమే అయితే, సున్నా ఫారెన్‌హీట్ కిందికి దిగని రోజులు చూసుకుని వెళ్ళేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. జనవరి ఆఖర్లో మిల్ లాక్స్ మీదో, అప్పర్ రెడ్ లేక్ మీదో రాత్రి గడపాలనుకునేవాళ్ళు మాత్రం నురుగు తొడుగు, అదనంగా ఒక సీసా ఆయిల్, మెషీన్ లేకపోయినా పనిచేసే హీటర్ ఒకటి ముందే కొని పెట్టుకోండి.