నికాన్ డి90, కెనాన్ ఎస్‌ఎక్స్50 హెచ్‌ఎస్: చెరువు కట్టల మీద ఇన్నేళ్ల వాడకం తరువాత

నీటి పక్షులను చూడడానికి వెళ్లేటప్పుడు నేను వాడే కెమెరాలు రెండు. మొదటిది 2008లో విడుదలైన నికాన్ డి90 అనే డీఎస్‌ఎల్‌ఆర్, అంటే లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకోగల కెమెరా. దానికి 70-300 మిల్లీమీటర్ల వీఆర్ (చేతి వణుకును తగ్గించే) లెన్సు బిగించి వాడతాను. రెండవది 2012లో విడుదలైన కెనాన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్50 హెచ్‌ఎస్. ఇది లెన్సు మార్చే వీలు లేని, 50 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరా. డి90ని 2010లోను, ఎస్‌ఎక్స్50ని 2013లోను కొన్నాను. ఉప్పలపాడు, ఆటపాక, నేలపట్టు, అమీన్‌పూర్ వంటి నీటి పక్షుల చోట్లకు వెళ్లిన ప్రతిసారీ వీటిలో ఏదో ఒకటి, ఒక్కోసారి రెండూ నా భుజాన ఉన్నాయి. రెండూ ఇప్పుడు కొత్తవి దొరకవు. అయినా సెకండ్ హ్యాండ్‌లో ఇవో, ఇలాంటివో కొనాలనుకునే వారు నన్ను తరచుగా అడుగుతుంటారు కనుక, నా అనుభవాన్ని వివరంగా రాయడం అవసరమనిపించింది.

ఈ రెండింటినీ పోల్చడంలో ఒక సౌలభ్యం ఉంది. రెండూ ఇంచుమించు 12 మెగాపిక్సెళ్ల కెమెరాలే. కాబట్టి ఫొటోలలో కనిపించే తేడాకు పిక్సెళ్ల సంఖ్య కారణం కాదు. సెన్సార్ (వెలుతురును ఫొటోగా నమోదు చేసే పలక) పరిమాణం, లెన్సు, ఫోకస్ చేసే పద్ధతి మాత్రమే కారణాలు. డి90 సెన్సార్ 23.6 మిల్లీమీటర్ల వెడల్పు, 15.8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఎస్‌ఎక్స్50 సెన్సార్ వెడల్పు సుమారు 6.2, ఎత్తు సుమారు 4.6 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కవేస్తే మొదటిది రెండవదానికి దాదాపు 13 రెట్లు. ఈ 13 రెట్ల లెక్క చూసి నేను మొదట్లో చాలాకాలం పొరబడ్డాను. పెద్ద సెన్సార్ ఎప్పుడైనా, ఎక్కడైనా పైచేయిగా ఉంటుందని అనుకునేవాణ్ణి. అది నిజం కాదని నాకు నేర్పినవి అమీన్‌పూర్ చెరువులోని స్టింట్లు.

హైదరాబాద్ శివారులోని ఈ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. చలికాలంలో ఇలాంటి చెరువుల బురద అంచుల మీద స్టింట్లు అనే చిన్న ఉల్లంకి జాతి పిట్టలు గుంపులుగా మేస్తుంటాయి. వీటిలో లిటిల్ స్టింట్‌కు నల్లని కాళ్లు, టెమింక్స్ స్టింట్‌కు పసుపు పచ్చని కాళ్లు ఉంటాయి. దూరం నుంచి ఆ కాళ్ల రంగు పోల్చుకోవడం కష్టం. పిట్ట పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, మనకూ దానికీ మధ్య దూరం 60 మీటర్లు అనుకుందాం. డి90 మీద 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే ఆ పిట్ట పొడవునా పడే పిక్సెళ్లు దాదాపు 136. ఎస్‌ఎక్స్50లో జూమ్‌ను చివరి వరకు లాగితే, అంటే పాత ఫిల్ము కెమెరాల కొలతలో 1200 మిల్లీమీటర్లకు సమానమైన చోట, అదే పిట్ట మీద దాదాపు 350 పిక్సెళ్లు పడతాయి. అదే దృశ్యం కోసం డి90 ఫొటోను కత్తిరించుకుంటూ పోతే 12 మెగాపిక్సెళ్లలో మనకు మిగిలేది 1.7 మాత్రమే. పెద్ద సెన్సార్‌లో ఏడింట ఆరు వంతులు ఉత్త నీటినీ, బురదనూ నమోదు చేశాయి తప్ప పిట్టకు ఉపయోగపడలేదు. కాళ్ల రంగు చూసి జాతిని ధైర్యంగా రాసుకున్నది ఎస్‌ఎక్స్50 ఫొటోలోనే.

అలాగని ఆ 350 పిక్సెళ్లూ నిజమైన వివరంతో నిండి ఉంటాయని కూడా అనుకోకూడదు. జూమ్ చివర ఎస్‌ఎక్స్50 లెన్సు రంధ్రం ఎఫ్/6.5 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదని అర్థం). అంత చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు వివర్తనం వల్ల చెదిరి, ఒక బిందువు బిందువుగా కాక చిన్న వలయంగా సెన్సార్ మీద పడుతుంది. ఆ వలయం వ్యాసం సుమారు 8.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఈ కెమెరాలోని పిక్సెల్ వెడల్పేమో ఒకటిన్నర మైక్రాన్లే. అంటే ఒక బిందువు ఐదారు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. అందుకే ఫొటోను పూర్తి పరిమాణంలో చూస్తే ఈకల అంచులు నీటిరంగుల బొమ్మలా మెత్తగా కనిపిస్తాయి. ఇది ఈ ఒక్క కెమెరా లోపం కాదు. చిన్న సెన్సార్ ముందు పొడవాటి జూమ్ పెట్టిన ప్రతి కెమెరాకూ వర్తించే భౌతిక నియమం. జాతిని గుర్తించడానికి అది అడ్డు రాదు. గోడకు తగిలించుకునే పెద్ద ఫొటో కావాలంటే మాత్రం అడ్డు వస్తుంది.

ఉప్పలపాడులో కథ పూర్తిగా మారిపోతుంది. గుంటూరు పక్కనే ఉన్న ఈ ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచుతాయి. ఊరివారు వాటిని కాపాడుతూ వచ్చారు కనుక, అవి మనుషులకు బెదరకుండా చాలా దగ్గరగా కనిపిస్తాయి. అక్కడ 300 మిల్లీమీటర్ల లెన్సుతోనే గూడబాతు ఫ్రేము నిండుతుంది. నిండినప్పుడు డి90లోని 13 రెట్ల సెన్సార్ మొత్తం పక్షి కోసం పనిచేస్తుంది. సూర్యోదయానికి ముందు, చెరువు మీద వెలుగు ఇంకా నీలంగా ఉన్నప్పుడు, డి90లో ఐఎస్‌ఓను (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయిని) 1600 వరకు పెంచడానికి నేను సంకోచించను. ఎస్‌ఎక్స్50లో నాకు నేను పెట్టుకున్న హద్దు 400. ఆ పైన గూడబాతు మెడ మీది లేత బూడిదరంగు ఛాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పక్షి దూరంగా ఉండి రెండు కెమెరాలలోనూ కత్తిరించి చూడవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ తేడా బాగా తగ్గుతుంది. ఎందుకంటే అప్పుడు లెక్కకు వచ్చేది సెన్సార్ కాదు, లెన్సు నోటి వెడల్పు. నికాన్ లెన్సు చివరలో సుమారు 54 మిల్లీమీటర్ల వెడల్పున తెరుచుకుంటుంది, ఎస్‌ఎక్స్50 లెన్సు సుమారు 33 మిల్లీమీటర్లు. అంటే ఒకే పక్షి నుంచి మొదటిది సేకరించే వెలుతురు రెండున్నర రెట్ల కంటే కొంచెం ఎక్కువ, అంతే. కెమెరా కొనేముందు ఈ విషయం నాకెవరైనా చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ఎగిరే పక్షుల విషయంలో పోటీయే లేదు. డి90 అద్దం కింద ఫోకస్ కోసం ప్రత్యేకంగా 11 బిందువుల సెన్సార్ ఉంది. అది ఫోకస్ ఎటువైపు తప్పిందో, ఎంత తప్పిందో ఒక్క కొలతలో తెలుసుకుని లెన్సును నేరుగా అక్కడికి తిప్పుతుంది. చిన్న కెమెరా అలా కాదు. లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి చూసి, దృశ్యం ఎక్కడ ఎక్కువ స్పష్టంగా ఉందో వెతుక్కుంటుంది. కదలని పిట్టకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. నోటిలో పుల్లతో గూటికి దిగుతున్న ఎర్రకాళ్ల కొంగకు సరిపోదు, ఎందుకంటే వెతకడం పూర్తయ్యేలోగా కొంగ వేరే చోట ఉంటుంది. పైగా డి90 వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) మనం చూసేది లెన్సు గుండా వచ్చిన అసలు వెలుతురును; ఆలస్యమన్నది ఉండదు. ఎస్‌ఎక్స్50లో 2,02,000 చుక్కల చిన్న తెరను చూడాలి. నా దగ్గరున్న మంచి ఎగిరే పక్షుల ఫొటోలన్నీ డి90వే.

ఎస్‌ఎక్స్50లో నేను నిజంగా ప్రేమించే అంశం మరొకటి ఉంది. 1200 మిల్లీమీటర్ల దగ్గర దృశ్యం ఎంత ఇరుకుగా ఉంటుందంటే, చెయ్యి కొంచెం కదిలినా పిట్ట ఫ్రేము నుంచి మాయమవుతుంది. అప్పుడు లెన్సు గొట్టం పక్కనున్న చిన్న మీట నొక్కి పట్టుకుంటే జూమ్ కాసేపు వెనక్కి వస్తుంది. పిట్టను మళ్లీ మధ్యలోకి తెచ్చి మీట వదిలేస్తే జూమ్ మునుపటి చోటికే వెళుతుంది. ఎడమచేతి వేలి కింద ఇంత సరిగ్గా అమరిన మీటను రూపొందించినవారు పక్షులను చూడడం తెలిసినవారే అయి ఉండాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది. వణుకును తగ్గించే ఏర్పాటు కూడా చాలా బాగుంది. ట్రైపాడ్ లేకుండా, మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి సగం వదిలి తీస్తే పూర్తి జూమ్‌లోనూ నిలకడైన ఫొటో వస్తుంది. అయితే ఆ ఏర్పాటు మన చేతి కదలికను ఆపుతుందే గాని పిట్ట కదలికను ఆపదు కనుక, షట్టర్ వేగాన్ని సెకనులో 1/500 వంతుకు తగ్గనివ్వకుండా చూసుకోవాలి.

ఎండ ఎక్కిన తరువాత రెండు కెమెరాలూ ఒకటే. తొమ్మిది గంటలు దాటితే బురద మీది నుంచి లేచే వేడిగాలి దూరపు పిట్టను అలలు అలలుగా కరిగించివేస్తుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు. పెందలాడే వెళ్లడమో, ఇంకొంచెం దగ్గరకు వెళ్లడమో చేయాలి.

బరువు గురించి చెప్పకుండా ఉండలేను. బ్యాటరీతో డి90 సుమారు 700 గ్రాములు, 70-300 లెన్సు 745 గ్రాములు. రెండూ కలిపి దాదాపు కిలోన్నర. ఎస్‌ఎక్స్50 బ్యాటరీ, కార్డుతో సహా 595 గ్రాములు. జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనకు వెళ్లినప్పుడు ఒక చేతిలో నోట్‌బుక్, మెడలో బైనాక్యులర్స్‌తో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా చెరువు చుట్టూ తిరగాలి. ఆ రోజు నేను ఆలోచించకుండా తీసుకునేది చిన్న కెమెరానే. బ్యాటరీ విషయంలో మాత్రం డి90 మన్నిక వేరు. ఒక ఛార్జికి దాని అధికారిక అంచనా 850 ఫొటోలు, చిన్నదానికి 315. అందువల్ల చిన్న కెమెరాకు జేబులో అదనపు బ్యాటరీ తప్పనిసరి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటోలు) రెండింటిలోనూ దొరుకుతాయి. ఎస్‌ఎక్స్50 తరగతి కెమెరాలలో అప్పట్లో ఇది అరుదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మొదట వీడియో తీసింది డి90యే అయినా, తీస్తున్నంతసేపూ ఫోకస్‌ను చేత్తో తిప్పుకోవాలి కనుక, గిజిగాడు గూడు అల్లడం వంటివి నేను ఎస్‌ఎక్స్50తోనే తీశాను. కట్ట మీది పూలకూ, సీతాకోకచిలుకలకూ కూడా అదే నయం. నికాన్ లెన్సుకు కనీసం మీటరున్నర దూరం కావాలి.

కోస్తా ఉక్కలో ఏ కెమెరాకైనా లెన్సు బూజు పెద్ద శత్రువు. నేను రెండింటినీ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పొట్లాలను వానాకాలంలో నెలకొకసారి మారుస్తాను. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు మార్చేటప్పుడు దుమ్ము సెన్సార్ మీద పడినా దాన్ని తుడిపించుకోవచ్చు. చిన్న జూమ్ కెమెరాలలో గొట్టం బయటికి లోపలికి కదిలేటప్పుడు దుమ్ము చేరితే కెమెరా మొత్తం విప్పవలసిందే. కాబట్టి గాలిదుమారంలోను, ఇసుకలోను చిన్న కెమెరాను బయటికి తీయవద్దని గట్టిగా చెబుతాను.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు డీఎస్‌ఎల్‌ఆర్ అయితే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫొటో ఫైలులోని సమాచారం నుంచి తెలుసుకోవాలి. లెన్సును టార్చి వెలుగులో పట్టి సాలెగూటి పోగుల్లాంటి బూజు ఉందేమో చూడాలి. ఎస్‌ఎక్స్50 వంటి సూపర్‌జూమ్ అయితే జూమ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పది సార్లు నడిపించి, ఎక్కడైనా తడబడుతోందేమో వినాలి. తరువాత పూర్తి జూమ్‌లో తెల్లగోడను ఫొటో తీసి నల్లమచ్చలు ఉన్నాయేమో చూడాలి. ఏది కొనాలన్నది మాత్రం మీరు ఎక్కువగా వెళ్లే చెరువును బట్టి నిర్ణయించుకోండి. పక్షులు దగ్గరగా, చెట్ల మీద ఉండే చోటైతే పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఈనాటికీ కన్నులపండుగ చేస్తుంది. పక్షులు నీటికి ఆవలి ఒడ్డున ఉండి, వాటి పేర్లు తెలుసుకోవడమే మీ ముఖ్యమైన కోరిక అయితే ఎస్‌ఎక్స్50 వంటి కెమెరా తీసుకుని, మిగిలిన డబ్బు మంచి బైనాక్యులర్స్ మీద పెట్టండి.