వంటిల్లు, విచారణ గది, గులాబీ కోటు: స్టూడెంట్ రీమేక్‌కి ఏ సీన్ మేలు?

మా తమ్ముడి కూతురు హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ సెమిస్టర్‌లో వాళ్ల క్లాసుకి ఒక పని ఇచ్చారు. ఏదైనా టీవీ సీరీస్‌లోంచి ఒక నేర పరిశోధన సన్నివేశం ఎంచుకుని, నలుగురి జట్టుతో, ఐదు నిమిషాలకు మించకుండా మళ్లీ తీయాలి. భాష మార్చుకోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు. మూలంలో ఆ సీన్ ప్రేక్షకుడికి ఏం చేస్తుందో రీమేక్ కూడా అదే చెయ్యాలి. "మూడు అనుకున్నాం పెదనాన్నా, ఏది తీయమంటావ్?" అని ఫోన్ చేసింది. ఎడిటింగ్ నా వృత్తి కాబట్టి అడిగింది. ఫోన్లో చెప్పినదానికంటే వివరంగా ఇక్కడ రాస్తున్నాను, ఇలాంటి పని నెత్తిన పడ్డ మిగతా పిల్లలకూ పనికొస్తుందని.

వాళ్లు అనుకున్న మూడూ మంచివే. ఒకటి, 2002లో హెచ్‌బీఓలో మొదలైన 'ద వైర్' మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లోని వంటింటి సీన్. రెండు, 1993లో ఎన్‌బీసీలో మొదలైన 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్'లో దాదాపు అంతా ఒకే విచారణ గదిలో నడిచే ఎపిసోడ్, 'త్రీ మెన్ అండ్ అడీనా'. మూడు, 2010లో వచ్చిన బీబీసీ 'షెర్లాక్' తొలి ఎపిసోడ్‌లో గులాబీ రంగు కోటు వేసుకున్నావిడ శవం దగ్గర జరిగే సీన్.

జట్టులో ముగ్గురి ఓటు మూడోదానికేనట. అందుకే దానితో మొదలుపెడతాను.

గులాబీ కోటు

ఇన్‌స్పెక్టర్ రెండు నిమిషాలు గడువిస్తాడు. షెర్లాక్ శవం పక్కన వంగి కోటు తడుముతాడు. కాలరు కింద తడి, జేబులోని గొడుగు మాత్రం పొడి. పెళ్లి ఉంగరం బయట మాసిపోయింది, లోపల మెరుస్తోంది. చూసినదల్లా తెరమీద చిన్న చిన్న మాటలుగా తేలుతుంది. ఆ తర్వాత ఊపిరి ఆడనంత వేగంగా వివరణ.

పిల్లలకి ఇది ఎందుకు నచ్చిందో తెలుసు. ఒక గది, ఒక శవం, అక్షరాలు కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. ఖర్చు తక్కువ. తెలుగులోకి తెస్తే అందంగా మారే అవకాశమూ ఉంది. ఉంగరం బదులు మెట్టెలు పెట్టుకోండి. ఏళ్ల తరబడి మెట్టెలు పెట్టుకున్న వేలి మీద పడే నొక్కు, అవి తీసేసినా వెంటనే పోదు. ఆ నొక్కు ఒక్కటి చూపిస్తే తెలుగు ప్రేక్షకుడికి సగం కథ అర్థమైపోతుంది. ఈ ఒక్క ఆలోచన దగ్గర నేనూ కాసేపు ఆగాను.

కానీ ఈ సీన్ భారమంతా ఒక్క నటుడి నోటి మీద ఉంది. ఆ వేగంలో మాట తడబడకుండా, పక్కవాడి మీద విసుగు, తన తెలివి మీద సంబరం రెండూ పలికించే నటుడు కావాలి. రెండో సంవత్సరం క్లాసులో అలాంటివాడు దొరికితే అదృష్టమే. దొరక్కపోతే ఐదు నిమిషాల పాటు ఎవరో పాఠం ఒప్పజెబుతున్నట్టుంటుంది. అక్షరాలు కూడా అనుకున్నంత తేలిక కాదు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకి జరుగుతాయి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి గాని, ముందు మీ సాఫ్ట్‌వేర్‌లో 'స్త్రీ', 'వస్త్రం' అని టైపు చేసి చూసుకోండి. సరిగా రాకపోతే ఒక్కో మాటనీ బొమ్మగా తయారుచేసి పెట్టుకోవాలి.

అసలు అభ్యంతరం వేరే. ఈ సీన్‌లో ఆలోచన మాటల్లో జరుగుతుంది, అక్షరాలు దానికి సాయం చేస్తాయి. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ షాట్ పక్కన ఏ షాట్ రావాలి అన్న ప్రశ్నలు వెనక్కిపోతాయి. నేర్చుకోవాల్సిన వయసులో ఆ ప్రశ్నలనే తప్పించుకునే సీన్ ఎంచుకోవడం నాకు నచ్చలేదు.

విచారణ గది

రెండోదాని మీద నాకు చెప్పలేనంత ప్రేమ. పదకొండేళ్ల పాప హత్య కేసు. అనుమానితుడు అమెరికాలోని బాల్టిమోర్ వీధుల్లో గుర్రపు బండి మీద పళ్లమ్మే ముసలాయన. ఇద్దరు డిటెక్టివులకి పన్నెండు గంటలు టైముంది, ఆలోగా ఒప్పించాలి. రాసింది టామ్ ఫాంటానా, దీనికి ఆయనకి ఎమ్మీ అవార్డు వచ్చింది. తీసింది మార్టిన్ క్యాంప్‌బెల్. నటించింది ఆండ్రే బ్రాగర్, కైల్ సీకర్, మోజెస్ గన్, ముగ్గురే ముగ్గురు. చివరికొచ్చేసరికి ముసలాయనే ఆ ఇద్దరి మనసుల్లోకి చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఒప్పుకోలు రాదు.

తీయడానికి ఇంతకంటే చవకైన సీన్ ఉండదు. బల్ల, కుర్చీలు, గోడ. ఆ సీరీస్ శైలి కూడా విద్యార్థికి కలిసొచ్చేదే. కెమెరా చేత్తో పట్టుకుని తీసేవారు, కొనసాగింపు గురించి పట్టించుకోకుండా మధ్యలో కోసేవారు. ఫోన్‌తో తీసినా ఆ తీరు అతుకుతుంది. ముసలాయన్ని మన తోపుడు బండి మనిషిగా మార్చడం కూడా క్షణాల్లో పని.

అయితే ఎడిటర్‌గా నాకు కనపడ్డ చిక్కు ఇక్కడ చట్టం రూపంలో ఉంది. ఆ పన్నెండు గంటల ఒత్తిడంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది: ఇతను ఈ గదిలో ఒప్పుకుంటే కేసు నిలుస్తుంది. మన దగ్గర పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ అయింది. నిందితుడు చెప్పిన మాటని బట్టి ఏదైనా దొరికితే, దానికి సంబంధించినంత వరకే ఆ మాట పనికొస్తుంది. అంటే హైదరాబాద్‌లో ఇదే గది, ఇదే బల్ల వేస్తే పోలీసులు అడగాల్సిన ప్రశ్నే మారిపోతుంది. "నువ్వే చేశావా?" కాదు, "ఆ వస్తువు ఎక్కడ పెట్టావు?" అది వేరే సీన్. బాగా రాస్తే గొప్ప సీనే అవుతుంది గాని, వాళ్లకి ఇచ్చిన పని అది కాదు. బాల్టిమోర్‌లోనే ఉంచి తెలుగులో మాట్లాడిస్తే రేడియో నాటకంలా తయారవుతుంది.

ఇంకోటి, గంట ఎపిసోడ్‌లో పేరుకునే బరువు అది. అందులోంచి ఐదు నిమిషాలు కోసి తీస్తే పరిగెత్తకముందే ఆయాసపడుతున్నట్టుంటుంది.

వంటిల్లు

నా ఓటు దీనికి. మక్‌నల్టీ, బంక్ అనే ఇద్దరు డిటెక్టివులు ఒక పాత హత్య కేసు ఫైలు పట్టుకుని, అది జరిగిన ఇంటి వంటగదికి వెళ్తారు. ఫోటోలు కింద పరుస్తారు. టేపు పెట్టి కొలుస్తారు. పాత రిపోర్టులో చెప్పినట్టు గాయం దిశ కుదరడం లేదని ముందు అర్థమవుతుంది. తర్వాత కిటికీ అద్దం, ఫ్రిజ్ తలుపులో దిగిన తూటా, చివరికి కిటికీ బయట నేల మీద పడున్న ఖాళీ తూటా గొట్టం. హంతకుడు లోపలికి రానేలేదు, కిటికీ బయట నిలబడి కాల్చాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఇద్దరి నోటా ఒకే ఒక్క బూతుమాట, రకరకాల రాగాల్లో. వివరణ ఇచ్చే డైలాగు ఒక్కటీ లేదు. దర్శకుడు క్లెమెంట్ వర్గో.

చూసేవాడికి ఎవరూ ఏమీ చెప్పరు. వాళ్ల చేతులు ఎక్కడున్నాయి, కళ్లు ఎటు తిరిగాయి అన్నది పట్టుకుని మనమే లెక్క కట్టుకోవాలి. అందువల్ల కెమెరా ఒక్కచోట తప్పు పెట్టినా సీన్ అర్థం కాకుండా పోతుంది. కిటికీ ఎడమ వైపుందని ఒక షాట్‌లో, కుడి వైపుందని ఇంకో షాట్‌లో అనిపిస్తే తూటా దారి ప్రేక్షకుడి బుర్రలో తెగిపోతుంది. తప్పు జరిగిందని మాస్టారు చెప్పక్కర్లేదు, క్లాసులో వేసి చూపిస్తే తెలిసిపోతుంది. ఇలా తప్పుని దాచనివ్వని సీన్ మిగతా రెండిట్లోనూ లేదు.

పైగా ఇది ఊరు మారినా చెడదు. ఒప్పుకోలుకి దేశాన్ని బట్టి విలువ మారుతుంది. తూటా మాత్రం మలక్‌పేటలోనూ తిన్నగానే వెళ్తుంది.

ఇల్లు మాత్రం జాగ్రత్తగా వెతకాలి. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు వంటిల్లు పనికిరాదు, కిటికీ బయట మనిషి నిలబడడానికి చోటుండదు. నల్లకుంట, చిక్కడపల్లి లాంటి పాత కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్, వెనక సందులోకి తెరుచుకునే వంటింటి కిటికీ కావాలి. మన కిటికీలకి ఇనుప ఊచలుంటాయి. దాన్ని అడ్డం అనుకోవద్దు. తూటా రెండు ఊచల మధ్యనుంచి వెళ్లాలంటే దారి ఇంకా ఇరుకవుతుంది, కొలత ఇంకా ఖచ్చితంగా తేలుతుంది. మూలంలో లేని అందం ఇది. దోమల మెష్ ఉంటే మాత్రం ఇంటివాళ్లని ఒప్పించి దాన్ని ఊడదీయించండి.

కిటికీ నుంచి ఫ్రిజ్ దాకా దారం కట్టి చూసుకోండి. ఆ దారానికి ఒక పక్కనే కెమెరా ఉండాలి. రెండో పక్కకి దాటాలంటే నటుడు నడుస్తుండగా అతనితోపాటు దాటాలి, కట్ మీద దాటకూడదు. మన వంటిళ్లు ఎనిమిది పది అడుగులకి మించవు కాబట్టి వెనక్కి జరిగే వీలుండదు. గుమ్మంలోంచి, కిటికీ బయటనుంచి తీయడం అలవాటు చేసుకోండి. 'ద వైర్' మొదట పాత టీవీల 4:3 చట్రంలో తీసిందే, 2014లో హెచ్‌డీకి మార్చినప్పుడు వెడల్పు చేశారు. ఇరుకు గదికి ఆ పాత చట్రమే నప్పుతుంది, మీరూ అదే వాడండి.

సామాన్ల విషయంలో పెద్ద ఖర్చు లేదు. ఇంట్లోవాళ్ల ఫ్రిజ్‌కి చిల్లు పెట్టలేం. పాత సామాన్ల కొట్లో ఫ్రిజ్ తలుపు ఒకటి తెచ్చి దగ్గరి షాట్లు దానిమీద తీయండి. నిజమైన తూటా జోలికి పోవద్దు, సన్నటి ఇత్తడి గొట్టం ముక్క కోయిస్తే చాలు. హత్య తెరమీద జరగదు కాబట్టి బొమ్మ తుపాకీ పట్టుకుని సందులో తిరగాల్సిన పని లేదు, ఇరుగుపొరుగు భయపడరు. ఇద్దరూ మఫ్టీలోనే ఉంటారు కాబట్టి యూనిఫాం గొడవా లేదు. ట్యూబ్‌లైట్ వెలుగులో తీస్తే ఫోన్‌లో షట్టర్ 1/50 దగ్గర పెట్టండి, లేకపోతే మన 50 హెర్ట్జ్ కరెంటుకి తెర మినుకుమంటుంది. హోరు రికార్డవకుండా టేకు ముందు ఫ్రిజ్ ఆపేస్తారు కదా, బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోరు.

ఇప్పటి కేసు అనుకోవద్దు, పాత కేసుగానే ఉంచండి. నేర దర్యాప్తు, విచారణల పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు చోటుకి వెళ్లి సాక్ష్యం సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. అలా క్లూస్ టీమ్ వచ్చి వీడియో తీసిన ఇంట్లో ఫ్రిజ్‌లోని తూటా మిగిలిపోయిందంటే నమ్మశక్యంగా ఉండదు. పదిహేనేళ్ల నాటి ఫైలు, మసకబారిన ఫోటోలు, నాలుగు వాక్యాల పంచనామా అంటే నమ్ముతారు.

ఆ ఒక్క మాట

"కాలేజీలో ఆ బూతు ఎలా పెదనాన్నా?" అంది. దాన్ని తెలుగు బూతుగా మార్చనక్కర్లేదు. మన బూతుల్లో ఎక్కువ భాగం ఎదుటివాడిని తిట్టడానికి పుట్టినవి, గోడనో టేపునో చూసి అంటే కృతకంగా ఉంటుంది. మూలంలో ఆ మాట తిట్టు కాదు, ఆశ్చర్యం, విసుగు, నొప్పి, అర్థమైంది అన్న సంకేతం. అన్నిటికీ సరిపోయే మాట మనకి ఇంట్లోనే ఉంది: అబ్బ. ఫోటోలో శవాన్ని చూసి నెమ్మదిగా 'అబ్బ'. టేపు వేలికి తగిలి 'అబ్బా!' పాత రిపోర్టు చదివి, కుదరదంటూ 'అబ్బే'. ఫ్రిజ్ తలుపులో చిల్లు చూసి సాగదీసి 'అబ్బో'. అచ్చు మారితే అర్థం మారుతుంది, ఇంగ్లీషు మాటకి లేని సౌలభ్యం అది. ఇద్దరూ ఒకే బ్యాచ్ ఎస్‌ఐలు కావాలి. ఒకరు సీఐ అయితే రెండోవాడి ప్రతి 'అబ్బ' వెనకా 'సార్' వినిపిస్తుంది, సమానుల ఆట పోతుంది.

మీ జట్టులో నిజంగా ఇద్దరు గట్టి నటులు ఉండి, కెమెరా పట్టేవాళ్లు లేకపోతే విచారణ గదికి వెళ్లండి, ప్రశ్న మార్చుకుని తీయండి. గ్రాఫిక్స్ మీదే మార్కులున్న క్లాసైతే గులాబీ కోటు సరే. నలుగురూ సినిమా నేర్చుకుందామనుకుంటే మాత్రం వంటిల్లే. క్లాసులో వేసుకోవడం వేరు, యూట్యూబ్‌లో పెట్టడం వేరని గుర్తుంచుకోండి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఇచ్చే సడలింపు కాలేజీలో విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల మధ్య జరిగేదానికే.

వచ్చే ఆదివారం నల్లకుంటలో ఒక ఇల్లు చూడ్డానికి వెళ్తున్నారట. కెమెరా తీసుకెళ్లొద్దన్నాను. దారం ఉండ, కొలిచే టేపు, సుద్దముక్క చాలు. కిటికీ బయట ఒకరు నిలబడాలి, ఫ్రిజ్ దగ్గర ఒకరు, మిగిలిన ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూడాలి, దారం వాళ్లకి అక్కణ్నించి కనిపిస్తోందో లేదో.