ఇంజన్ పని చేయిస్తున్నారా? మొదటి సెల్ఫ్ కొట్టే ముందు ఇది చదవండి

బోరింగు, పిస్టన్లు, బేరింగులు అన్నీ కలిపి 31 వేలు పోసి చేయించిన ఇంజన్‌ని 48 సెకన్లలో పాడుచేసుకున్నవాణ్ణి నేను. 48 అని అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ ముచ్చటంతా మావాడు ఫోన్లో వీడియో తీశాడు. షెడ్డు పేరు రాయను. ఆ ఒక్క షెడ్డు మానేసి పక్క షెడ్డుకి పోతే గండం గడిచినట్టు కాదు, అక్కడా ఇలాగే స్టార్ట్ చేస్తారు.

బండి నాన్నగారిది. మారుతి 800, 1998 మోడల్, కార్బొరేటర్ బండి. వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగేస్తోంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ. అమ్మేయమన్నారు అందరూ, మనసొప్పలేదు. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు చెప్పిన షెడ్డులో ఇచ్చాను. సిలిండర్లకి బోరింగ్ చేయించి, అంటే లోపల కోసి కాస్త వెడల్పు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేశారు. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 0.25 మిల్లీమీటర్ల గ్రైండింగ్‌కి పోయింది. లేత్ పనిలో ఏ తప్పూ లేదని తర్వాత ఇంకో మేస్త్రి కొలిచి మరీ చెప్పాడు. తప్పంతా స్టార్ట్ చేసిన రోజు జరిగింది.

జనవరి 9 నాటికే ఇంజన్ బిగించేశారు. సంక్రాంతికి కుర్రాళ్లు ఊళ్లకి పోయారు. వచ్చాక వేరే బళ్లు మీద పడ్డాయి. ఇంజన్ అలాగే ఓ మూల పడి ఉంది, ఫిబ్రవరి మొదటి శుక్రవారం దాకా. బిగించేటప్పుడు బేరింగులకి పూసింది మామూలు ఇంజన్ ఆయిలే. నాలుగు వారాల్లో అది కారిపోయి, తడి ఆనవాలు తప్ప మిగిలి ఉండదు.

ఆ శుక్రవారం నా వంతు తప్పు కూడా ఉంది, దాచను. పదిన్నరకి రాహుకాలం మొదలవుతుంది, ఆలోపే స్టార్ట్ చేయించమని అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. నేను పదింటికి చేరేసరికి ఇంకా ఆయిలే పోయలేదు. నేనే తొందరపెట్టాను. గబగబా ఆయిల్ పోశారు, కొత్త ఫిల్టర్ డబ్బాలోంచి తీసి ఖాళీగానే తిప్పేశారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద కుంకుమ బొట్టు. కుర్రాడు సెల్ఫ్ కొట్టాడు, రెండోసారికి ఇంజన్ అందుకుంది.

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మాత్రం ఆరలేదు. అదేనండీ, ప్రమిదలాంటి బొమ్మ ఉంటుందే, ఆయిల్ ప్రెషర్‌ది.

"అన్నా, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది" అన్నాను.

"కొత్త పని కదా సార్, ఆయిల్ పైకెక్కాలి. రేస్ ఇవ్వరా, అదే ఎక్కుద్ది."

కుర్రాడు రేస్ ఇచ్చాడు. వీడియోలో ఇప్పటికీ వినిపిస్తుంది, గీరుకుపోతున్నట్టు ఒక పొడి శబ్దం. అప్పుడు నాకది కొత్త ఇంజన్ బిగువులా అనిపించింది. 48 సెకన్లకి లైటు ఆరింది. కొబ్బరికాయ కొట్టాం, కుర్రాళ్లకి టీ డబ్బులిచ్చాను, పదీ ఇరవైఏడుకి బయటపడ్డాం. రాహుకాలం తప్పించాం.

నాలుగో రోజుకి, మూడొందల కిలోమీటర్లు తిరిగేసరికి, గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేట్ దగ్గర ఆగితే ఐడిల్‌లో లైటు మిణుకుమిణుకుమంటోంది. మంగళగిరి దాటేసరికి కింద నుంచి టక్ టక్ టక్. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ అదే.

మొదటి మేస్త్రి చెప్పిన కారణాలు వరసగా: ఆయిల్ డూప్లికేట్ (పోసింది ఆయనే), నేను స్పీడుగా తోలాను, పెట్రోల్ బాగోలేదు. ఇక లాభం లేదని గుంటూరులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) దింపగానే ఆయన ఆయిల్‌లో వేలు ముంచి ఎండలో పట్టుకుని చూపించాడు. చీరల మీద చమ్కీలా వెండి పొడి. బేరింగు షెల్స్ తీస్తే, బూడిద రంగులో నున్నగా ఉండాల్సిన ముఖం మీద మధ్యలో రాగి రంగు బయటపడింది. పై పూత అరిగిపోయి కింద లోహం కనిపించడం అది. క్రాంకు మీద గోరు అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంటోంది. అంటే మళ్లీ గ్రైండింగ్, ఈసారి 0.50.

"ఎండకి స్టార్ట్ చేశారు బాబూ దీన్ని" అన్నాడు. ఎండకి అంటే నూనె తడి లేకుండా అని.

ఆయన చెప్పిన లెక్క నాకు మా అమ్మమ్మగారి పెరట్లో చేతిపంపుని గుర్తుచేసింది. నాలుగు రోజులు వాడకపోతే ఎంత కొట్టినా నీళ్లు రావు, పైన ఒక చెంబుడు పోసి కొడితేనే పట్టుకుంటుంది. ఆయిల్ పంపూ అంతే. లోపల ఒకదాంట్లో ఒకటి తిరిగే రెండు రోటర్లుంటాయి. వాటి సందులు నూనెతో మూసుకుంటేనే కింద ఛాంబర్లోంచి ఆయిల్‌ని లాగగలవు. పొడిగా ఉంటే గాలినే తిప్పుతూ కూర్చుంటాయి. మాదాంట్లో పంపుని డీజిల్‌తో కడిగి, తుడిచి, అలాగే బిగించారు. పైగా ఫిల్టర్ ఖాళీ, దారులన్నీ ఖాళీ. అవన్నీ నిండి బేరింగుకి చుక్క చేరేసరికి ఇంజన్ రేస్‌లో తిరుగుతోంది, పేలుళ్ల బరువంతా బేరింగుల మీదే పడుతోంది.

రెండోసారి ఆయన చేసిన పద్ధతి నేను పక్కనే నిలబడి చూశాను. పంపు బిగించే ముందే రోటర్ల మధ్య వ్యాజిలిన్ కూరాడు. గ్రీజు ఎందుకు పెట్టకూడదని అడిగితే కసిరాడు. వ్యాజిలిన్ వేడికి ఆయిల్‌లో కరిగిపోతుంది, చాసిస్ గ్రీజు ముద్దగా పోయి దారుల్లో అడ్డం పడుతుందట. ఫిల్టర్‌లో పట్టినంత ఆయిల్ పోసి తిప్పాడు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ (ఆ ఎర్ర లైటుని వెలిగించేది) విప్పి ఆ కంత దగ్గర ఆయిల్ క్యాన్ ముక్కు ఆనించి, ఇక పట్టదన్నదాకా లోపలికి కొట్టాడు. తర్వాత అదే కంతకి ప్రెషర్ చూపించే గేజ్ తగిలించాడు. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పేశాడు, స్పార్క్ రాకుండా కాయిల్ వైరు పీకేశాడు. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ ఉండదు, సెల్ఫ్‌కి ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, బేరింగుల మీద బరువు పడదు.

ఇక సెల్ఫ్. పది సెకన్లు కొట్టడం, ఒక నిమిషం ఆపడం. ఆపకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది. మొదటిసారి గేజ్ ముల్లు కదల్లేదు. రెండోసారీ కదల్లేదు, నాకు చెమటలు పట్టాయి. మూడోసారి మధ్యలో సెల్ఫ్ శబ్దం కొంచెం బరువెక్కింది, ముల్లు వణికి లేచింది. నాలుగోసారికి 20 పీఎస్ఐ దాటింది. అప్పటికీ ప్లగ్గులు పెట్టనివ్వలేదు. ఇంజన్ పైన టాపెట్ కవర్ తీసి, వాల్వుల్ని నొక్కే రాకర్ల దగ్గర టార్చి వేశాడు. ఇంకోసారి కొడితే అక్కడ ఆయిల్ ఊరి జారడం కళ్లారా చూశాను. ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశాక ఎర్ర లైటు వెలగనే లేదు.

ఈ పనంతటికీ పట్టింది ముప్పావుగంట. అదనంగా అయిన ఖర్చు ఒక వ్యాజిలిన్ డబ్బా.

కాబట్టి ఇంజన్ పనికి ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి: ప్లగ్గులు విప్పి, గేజ్ పెట్టి, ప్రెషర్ నా కళ్ల ముందు చూపించాకే స్టార్ట్ చేయాలి అని. "అదేం అక్కర్లేదు సార్, ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నాం" అంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి. గేజ్ లేదంటే కనీసం సెల్ఫ్ మీదే లైటు ఆరాలి. కానీ ఏదో కాస్త ప్రెషర్ వచ్చినా ఆ లైటు ఆరిపోతుంది, దాన్ని పూర్తిగా నమ్మకండి. ఐదారుసార్లు కొట్టినా ముల్లు లేవకపోతే స్టార్ట్ చేయనివ్వద్దు. ఆయిల్ లాగే గొట్టం దగ్గర ఓరింగు గాలి పీలుస్తుండొచ్చు, ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుని ఉండొచ్చు, బ్లాకు కడగడానికి తీసిన గ్యాలరీ ప్లగ్గు (ఆయిల్ దారి చివర మూసే బిరడా) మళ్లీ పెట్టడం మరిచిపోయి ఉండొచ్చు. రేస్ ఇస్తే వీటిలో ఏదీ బాగుపడదు.

ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టే) బండైతే సెల్ఫ్ కొట్టే ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు కూడా తీయించండి, లేకపోతే పెట్రోల్ సిలిండర్లలోకి చేరి గోడల మీది నూనెని కడిగేస్తుంది. టర్బో ఉన్న బండికి టర్బో ఆయిల్ పైపు విప్పి అక్కడా కాస్త పోయాలి. యూట్యూబ్‌లో డ్రిల్లు మిషన్‌తో ఆయిల్ పంపు తిప్పే వీడియోలు చూసి మన 800కి అడక్కండి. అవి పాత షెవర్లే వీ8 ఇంజన్లు, వాటిలో పంపుని డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు తిప్పుతుంది కాబట్టి పైనుంచి డ్రిల్లు దిగుతుంది. మనదాంట్లో పంపు క్రాంకు ముక్కు మీదే ఉంది. క్రాంకు తిరిగితేనే పంపు తిరుగుతుంది.

ఇంకొకటి, బిల్లు. నా దగ్గరున్నది తెల్లకాగితం మీద పెన్సిల్ లెక్క, సంతకం కూడా లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా అక్కర్లేదు, 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కానీ చేతిలో కాగితం లేకుండా ఏమని అడగను? మీరైనా పనుల వివరం రాయించుకున్న బిల్లు తీసుకోండి. మొదటి స్టార్ట్ వీడియో తీసి ఉంచుకోండి, డ్యాష్‌బోర్డు కనిపించేలా.

రెండోసారి పనికి ఇంకో 19 వేలయ్యాయి. మొదటి మేస్త్రి ఆ వీడియో చూసి లేబర్‌లో సగం ఇస్తానని ఒప్పుకున్నాడు. అది మార్చిలో మాట, ఇప్పుడు ఫోన్ చేస్తే ఆయన కుర్రాడు ఎత్తి "మేస్త్రి బయటికెళ్లాడు సార్" అంటున్నాడు. రాగి తేలిన ఆ షెల్స్ డబ్బాలో దాచాను, ఎవరికైనా చూడాలనుంటే ఫోటోలు పెడతాను.