ఎగిరే జంతువుకి ఏ కవచం మేలు? ఇనుప రేకా, గొలుసా, గుడ్డా?

ఫాంటసీ కథలు రాసేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "మా కథలో సైనికులు ఎగిరే జంతువులెక్కి యుద్ధానికి వెళ్తారు. వాటికి ఏ కవచం వేస్తే పాఠకులు నమ్ముతారు?" అడిగిన నోటితోనే "బరువు తక్కువుండాలి, అంతేగా" అని జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు. బరువు ముఖ్యమే, లెక్క వేసి చూద్దాం. కానీ నేను ముందు చూసేది, ఆ కవచం బిగించాక జంతువుకి ఊపిరాడుతుందా అని.

బరువు సంగతి మొదట తేల్చేద్దాం. భూమ్మీద ఎగిరిన జీవుల్లో అతి పెద్దవాటిలో ఒకటి క్వెట్జాల్‌కోట్లస్ అనే టెరోసార్ (డైనోసార్ల కాలంలో ఎగిరిన సరీసృపం). రెక్కలు చాపితే 10 మీటర్లు, బరువు 200 నుంచి 250 కిలోలు ఉండేదని అంచనా. మన జంతువుని కూడా 250 కిలోలే అనుకుందాం. రెక్కలు అవే ఉండి బరువు 20 శాతం పెరిగితే, ఎగరడానికి కావలసిన శక్తి దాదాపు 31 శాతం పెరుగుతుంది. 60 కిలోల మనిషి ఎక్కాడంటే శ్రమ 38 శాతం పెరిగినట్టే. ఇప్పుడు ఒకటిన్నర మిల్లీమీటర్ల ఉక్కు రేకు తొడుగుదాం. చదరపు మీటరుకి దాదాపు 12 కిలోలు తూగుతుంది. ఛాతీ, పొట్ట, వీపు కలిపి రెండు చదరపు మీటర్లు కప్పితే 24 కిలోలు. శ్రమ 38 నుంచి 54 శాతానికి చేరింది. చాలా ఎక్కువే, కానీ అసలు బరువు మనిషిదే! ఇనుము గురించి గంటలు వాదించేవాళ్ళు ఆరడుగుల వీరుణ్ణి మాత్రం ఏ లెక్కా లేకుండా ఎక్కించేస్తారు. సన్నటి కుర్రాణ్ణో పిల్లనో ఎక్కిస్తే సగం కవచం బరువు అక్కడే మిగులుతుంది.

పెరిగిన బరువు దెబ్బ ఎక్కువగా తెలిసేది నేల మీద నుంచి లేచేటప్పుడు. గాల్లో నిలవాలంటే ఉండాల్సిన కనీస వేగం కూడా బరువుతో పాటు పెరుగుతుంది. పది పన్నెండు కిలోల హంసే నీళ్ళ మీద చాలా దూరం పరిగెత్తి గానీ లేవలేదు. కవచం తొడిగిన జంతువు కోట ప్రాకారం మీద నుంచో కొండ అంచు నుంచో దూకి ఎగిరితే నమ్మొచ్చు. ముట్టడిలో ఉన్న ఊరి నడిబొడ్డున దిగి, మనిషిని ఎక్కించుకుని నిలువునా లేచిందంటే నమ్మడం కష్టం. రేకు పక్షాన ఒక మాట చెప్పాలి: పై నుంచి దూసుకొచ్చి కొట్టే సైన్యమైతే బరువు కలిసొస్తుంది, దిగే వేగం పెరుగుతుంది.

ఇక ఊపిరి. పక్షులకి మనకున్నట్టు ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి లాగే కండరపు పొర) లేదు. ఊపిరి తీసినప్పుడల్లా రొమ్ము ఎముక కిందికీ ముందుకీ కదులుతుంది, వదిలినప్పుడు వెనక్కి వస్తుంది. పక్షుల్ని పట్టుకునే పని తెలిసినవాళ్ళు ఛాతీ దగ్గర ఎప్పుడూ బిగించరు. ముక్కు తెరిచే ఉన్నా, ఛాతీ కదలకపోతే పక్షి చచ్చిపోతుంది. ఎగరడానికి వాడే పెద్ద కండరాలు కూడా ఆ ఎముకకే అతుక్కుని ఉంటాయి. చాలా పక్షుల్లో అవి ఒంటి బరువులో 15 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. రెక్క కిందికి కొట్టిన ప్రతిసారీ అవి ఉబ్బుతాయి. కింద నుంచి వచ్చే బాణానికి ఎదురుగా ఉండేది కూడా ఈ ఛాతీయే. కాబట్టి ఎక్కువగా కాపాడాల్సిందీ, ఎక్కువగా కదలాల్సిందీ ఒకే చోట ఉన్నాయి. పేచీ అంతా అక్కడే.

ఛాతీ చుట్టూ ఇనుప రేకు బిగిస్తే జంతువు లేచిన కాసేపటికే రొప్పుతుంది. వదులుగా వదిలేస్తే ఆ సందులో గాలి దూరి కొట్టుకుంటుంది, రెక్క మొదట్లో చర్మం ఒరుసుకుపోతుంది. మంత్రలోహమని రాసేసి బరువు తీసేసినా ఈ ఇబ్బంది పోదు. బిగుసుకున్న రేకు ఎంత తేలికైనా రేకే.

ఇక్కడ చాలామంది గొలుసు కవచానికి, అంటే చిన్న ఇనుప కడియాలు ఒకదాన్లో ఒకటి దూర్చి అల్లినదానికి, మారతారు. ఒంగుతుంది కదా అని. నాకు మాత్రం అన్నిటికంటే అధ్వాన్నంగా కనిపించేది అదే. మనిషి ఒంటి మీద దాని బరువుని భుజాలు, నడుము దగ్గర కట్టిన బెల్టు మోస్తాయి. ఎగిరే జంతువుకి పొట్ట నేల వైపు ఉంటుంది, గొలుసు అక్కడ సంచిలా కిందికి వేలాడుతుంది. వేలాడకుండా వీపు మీదుగా పట్టీలు లాగి కడితే, ఊపిరి తీసిన ప్రతిసారీ ఛాతీ ఆ పట్టీల బిగువుతో పెనుగులాడాలి. పైగా సన్నటి మొన ఉన్న బాణం కడియాల మధ్య దూరగలదు. చూడ్డానికి బావుంటుంది, కాదనను.

అందుకే ఛాతీకి నేను ఓటేసేది పొరలు పొరలుగా కుట్టిన గుడ్డకి. గుడ్డ కవచమంటే నవ్వేవాళ్ళకి ఒక సంగతి: మెక్సికోలో స్థానిక యోధులు తొడిగే ఇచ్కావిపిల్లి అనే దూది కవచాన్ని, దండెత్తి వచ్చిన స్పెయిన్ సైనికులు కూడా వేసుకున్నారు, తమ ఇనుము కంటే అది తేలికగా, చల్లగా ఉందని. చదరపు మీటరు 250 గ్రాములుండే గుడ్డ పదిహేను పొరలేస్తే నాలుగు కిలోల లోపే. ఛాతీతో పాటు సాగుతుంది, ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది.

ఆ గుడ్డ బాణాన్ని ఆపుతుందా? ఎత్తుని బట్టి. సెకనుకి 55 మీటర్ల వేగంతో నిలువుగా వదిలిన బాణం 100 మీటర్ల ఎత్తు చేరేసరికి, గాలి నిరోధం వదిలేసినా, దాని శక్తిలో మూడో వంతే మిగులుతుంది. ఆ దెబ్బ తినడానికి మంచి గుడ్డ సరిపోవచ్చు. 20 మీటర్ల ఎత్తులో ఎగురుతూ ఉంటే మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకూడదు. అందుకని రొమ్ము ఎముక మధ్య గట్టు వెంబడి, అరచేతి వెడల్పు ఇనుప పట్టీ ఒకటి ఆ గుడ్డలోనే కుట్టించుకోవచ్చు. వీపు చుట్టూ తిరిగి బిగుసుకోదు కాబట్టి ఎముక కదిలినప్పుడు అదీ కదులుతుంది.

గుడ్డకి రెండు లోపాలున్నాయి, కథలో దాచొద్దు. మొదటిది తడి. మబ్బులో దూరి వస్తే దూది నీళ్ళు పీల్చి బరువెక్కిపోతుంది, పై పొరకి మైనం పూయాలి. రెండోది వేడి. పక్షులకి చెమట పట్టదు, వేడి తగ్గించుకోవడానికి రొప్పడమే వాటికి ముఖ్యమైన దారి. పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది కాబట్టి ఎగిరేటప్పుడు ఫర్వాలేదు. నేల మీద ఎండలో నిలబెట్టినప్పుడే ప్రమాదం. కాబట్టి కవచం తాళ్ళు బిగించేది బయల్దేరే ముందు, చివరి పనిగా. సేనాపతి ప్రసంగం సాగదీస్తుంటే జంతువుల్ని చూసుకునే కుర్రాళ్ళు టెన్షన్‌తో తాళ్ళు పట్టుకుని నిలబడి ఉండటం, చిన్నదైనా నమ్మించే వివరం.

మరి ఇనుప రేకు ఎందుకూ పనికిరాదా? వీపుకి పనికొస్తుంది. చాలా పక్షుల్లో, పెద్ద టెరోసార్లలో కూడా, వీపు వెన్నుపూసలు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. వంగని చోట వంగని కవచం వేస్తే ఇబ్బంది లేదు. శత్రువులకీ ఎగిరే జంతువులుంటే దెబ్బ పై నుంచే పడుతుంది, అప్పుడు ఈ రేకు జీను కింద చక్కగా కూర్చుంటుంది. గ్రిఫిన్‌కి మాత్రం ఈ లెక్క చెల్లదు. ఆ కల్పిత జంతువు ముందు సగం గద్ద, వెనక సగం సింహం, నడుము వంచకపోతే పరిగెత్తలేదు. భుజాల మధ్య చిన్న రేకుతో సరిపెట్టాలి.

రెక్కల జోలికి పోవద్దు. భుజానికి నాలుగు మీటర్ల దూరంలో కిలో బరువు కడితే, రెక్క ఊపడంలో అది ఒక మీటరు దగ్గర కట్టిన కిలో కంటే పదహారు రెట్లు అడ్డు పడుతుంది. గబ్బిలాలు రెక్క పొరలో చిల్లులున్నా ఎగురుతాయి, చిన్న చిల్లులు కొన్ని వారాల్లో పూడుకుంటాయి. యుద్ధ విమానాల్లోనూ ఒళ్ళంతా కవచం వెయ్యరు. ఏ-10 విమానంలో దాదాపు 540 కిలోల టైటానియం తొట్టి పైలట్ చుట్టూ, కీలకమైన నియంత్రణ భాగాల చుట్టూ ఉంటుంది, రెక్కల్ని అలా కప్పలేదు.

తోలు కవచం గురించీ అడుగుతారు. పట్టీలకి, మెడ కింద గొంతు దగ్గరికి మంచిది. ఛాతీకి సరిపడా మందం వేస్తే గుడ్డ కంటే బరువు, బిరుసు కూడా. డ్రాగన్‌కైతే పొలుసులున్నాయి కదా, దానికి ఇంకేం తొడగకండి, కళ్ళకి మాత్రం ఏదైనా ఆలోచించండి.