ధర్నా శిబిరంలో ఫొటోలకి కెనాన్ 24 ఎంఎం పాన్‌కేక్ లెన్స్

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు అట్టులా పల్చగా ఉండే ఈ పాన్‌కేక్ లెన్స్ జోలికి పెద్దగా వెళ్లరు. జూమ్ లేదు, చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే స్టెబిలైజేషన్ లేదు, కెమెరాకి పెడితే మూత తీయడం మర్చిపోయారా అన్నట్టుంటుంది. బరువు 125 గ్రాములే. 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీల సమ్మె మొదలయ్యాక విజయవాడ అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్‌లో నేను ఎక్కువగా దీంతోనే తీశాను, అక్కడికి ఇంతకన్నా మంచి లెన్స్ నాకు దొరకలేదు.

శిబిరంలో వెనక్కి జరగడానికి చోటుండదు, జరిగితే ఎవరి టిఫిన్ బాక్సో కాలికి తగులుతుంది. క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉండే కెమెరా) మీద 50 ఎంఎం పెడితే 80లా పనిచేస్తుంది, ఒక మొహం పడుతుంది అంతే. ఇది దాదాపు 38లా చూస్తుంది. పట్టా మీద వాళ్లతోపాటు కూర్చుంటే ముందు వరసలో ముగ్గురూ, వెనక ఫ్లెక్సీ మీద గ్రాట్యుటీ డిమాండూ కలిసి వస్తాయి. (అంగన్‌వాడీలు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా నెలకి 11,500 తీసుకునే వర్కర్లు, 7,000 తీసుకునే హెల్పర్లు దానికోసం రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది.) పొడుగు లెన్స్ తీసుకెళ్తే ఏ చానల్ అనో, పోలీసోళ్ల మనిషివా అనో అడుగుతారు. దీంతో అయితే ఎలాగూ దగ్గరికెళ్లాలి కాబట్టి ముందు మాట్లాడతాం, తర్వాత తీస్తాం.

నాకు బాగా నచ్చింది 16 సెంటీమీటర్ల దూరంలో కూడా ఫోకస్ అవడం. 2024 జనవరి 6న ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం) పెట్టాక మొహం రాకుండా తీయండి అన్నవాళ్లు పెరిగారు, అడిగే హక్కు వాళ్లకుంది. అప్పుడు చేతుల ఫొటోలు తీశాను, కరపత్రం పట్టుకున్నవీ, పని వివరాలు ఎక్కించే యాప్‌లతో విసిగిపోయి ఫోన్ బోర్లా పెట్టినవీ. నా దృష్టిలో 42 రోజుల సమ్మెలో మంచి ఫొటోలు అవే.

రంగుల షామియానా కింద ఆటో వైట్ బ్యాలెన్స్‌ని (కెమెరా తనంతట తాను రంగులు సరిచేయడాన్ని) నమ్మొద్దు, అందరి మొహాలూ పసుపు నీళ్లు చల్లినట్టొస్తాయి. అది లెన్స్ తప్పు కాదు. కరపత్రం వెనక తెల్లవైపు చూపించి కస్టమ్ బ్యాలెన్స్ పెట్టుకోండి, తర్వాత రంగులు దిద్దుకోడానికి వీలుండే రా (RAW) ఫార్మాట్‌లో తీయండి. రాత్రి మాత్రం కష్టమే. లెన్స్ పూర్తిగా తెరిచి ఎఫ్ 2.8 దగ్గర పెట్టినా, తక్కువ వెలుతురులో తీయడానికి పెంచే ఐఎస్ఓని 3200కి తీసుకెళ్లాలి, ట్యూబ్‌లైట్ల కింద షటర్ 1/100 సెకను కన్నా వేగంగా పెడితే ఒక్కో ఫ్రేమ్ ఒక్కో రంగులో వస్తుంది. అందుకని స్పీచ్‌లు ఇస్తూ చేతులూపేవాళ్లు కాస్త షేక్ అవుతారు, నాకైతే అది బాగానే అనిపించింది.

స్టేజీ మీద నాయకుల క్లోజప్‌లు కావాలంటే ఇది కొనకండి. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి అసలు పట్టదు. ఫిల్టర్ సైజు 52 ఎంఎం, పక్క వెలుతురు పడకుండా ఆపే హుడ్ విడిగా కొనుక్కోవాలి.