వీసీఆర్‌ను టీవీకి కలిపే డబ్బా కొంటున్నారా? విశాఖ డాబాగార్డెన్స్‌లో నాకు జరిగింది చదవండి

ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

షాపు పేరు రాయను. డాబాగార్డెన్స్ సందుల్లో రిమోట్లు, వైర్లు కొనే అలవాటున్నవాళ్లు ఈపాటికే ఊహించుంటారు.

ఆదివారం నాన్న సంవత్సరీకం. 1996లో అక్క పెళ్లికి తీయించిన క్యాసెట్లో నాన్న నడుస్తాడు, మాట్లాడతాడు, వంటవాళ్ల మీద అరుస్తాడు. అది చూడాలని అమ్మ కోరిక. అటక మీది వీసీఆర్ దింపి హెడ్డు తుడిపించాను, బాగానే తిరుగుతోంది. దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు చిల్లులు, వాటినే ఏవీ అంటారు. కొత్త టీవీకేమో హెచ్‌డీఎంఐ అనే వెడల్పాటి చిల్లు. మధ్యలో కన్వర్టర్ కావాలి. ఈ మాత్రం తెలిసినందుకే నేనేదో ఇంజనీరుననుకున్నాను!

"వీసీఆర్ నుంచి టీవీకి" అని మూడుసార్లు చెప్పాను. 850 తీసుకుని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. బిల్లు ఇవ్వలేదు. నేనూ అడగలేదు, మొహమాటం.

ఆదివారం భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు చేరారు. అమ్మ కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. క్యాసెట్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది, తెర మీద మాత్రం 'నో సిగ్నల్'. గంటన్నర వైర్లు పీకాను, పెట్టాను. చివరికి అమ్మే "పోనీలేరా" అని లేచి వెళ్లింది.

సోమవారం పొద్దున్నే షాపుకెళ్లాను. డబ్బా తిప్పి చూసి నవ్వాడు. "మాస్టారూ, ఇది హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి. మీకు కావల్సింది ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి" అంటూ అదే అరలోంచి, చెయ్యి చాపి, అచ్చం అలాంటిదే ఇంకోటి తీశాడు. "1100." అంటే మొదటి రోజు కూడా అది అక్కడే ఉంది! మార్చి ఇవ్వమంటే "ఓపెన్ చేసింది తీసుకోం" అన్నాడు. నేను గొంతు పెంచేసరికి పక్కవాడి వైపు తిరిగి, "ఈ కాలంలో వీసీఆర్ ఏంటండీ, బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం పక్కన పెట్టించండి, టికెట్టు డబ్బులైనా వస్తాయి" అన్నాడు. కౌంటర్ దగ్గరున్న నలుగురూ నవ్వారు. నాకు నోట మాట రాలేదు. తీరా మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి ఆపాక పది జవాబులు తట్టాయి.

నా బుద్ధి తక్కువతనం కూడా చెప్పాలి. డబ్బా మీద 'హెచ్‌డీఎంఐ 2 ఏవీ' అని అచ్చేసే ఉంది. ఆ '2' అంటే 'టు' అని, ముందున్నది లోపలికి, తర్వాతది బయటికి అని నాకు తట్టలేదు. పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని (పాత టీవీ సిగ్నల్ రకాలు) చిన్న స్విచ్ ఉంటే, నా వీసీఆర్ పాల్ కాబట్టి సరైనదే ఇచ్చాడని మురిసిపోయాను. మనకు కావల్సినదాని మీద 720, 1080 అని బొమ్మ స్పష్టత అంకెలు ఉంటాయట.

కొనేముందు మీ టీవీ వెనక ఏవీ అని రాసిన చిల్లు ఉందేమో చూసుకోండి, ఉంటే అసలు కన్వర్టరే అక్కర్లేదు. బిల్లు అడగండి. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, నేను రేపు చేస్తున్నాను.

నా 850 డబ్బా పాత డబ్బా టీవీకి కొత్త సెట్‌టాప్ బాక్సు కలుపుకునేవాళ్లకి పనికొస్తుంది. కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తాను. ఇంట్లో దాన్ని చూస్తుంటేనే ఒళ్లు మండుతోంది.