బోర్డు లేని షెడ్డులో మా 1930 ఫోర్డ్: పదహారు నెలల అనుభవం

హైదరాబాద్‌లోని ఆజామాబాద్ పారిశ్రామికవాడలో రెండు లేత్ వర్క్‌షాపుల నడుమ బోర్డు లేని ఒక రేకుల షెడ్డు ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కార్లను మాత్రమే అక్కడ పనికి తీసుకుంటారు. దాన్ని నడిపే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన కోరారు కాబట్టి నేనూ ఆ మాటతోనే సరిపెడుతున్నాను. మా తాతగారి 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ ఫేటన్‌ను, అంటే నాలుగు తలుపులు, మడిచే గుడ్డ టాపు ఉన్న కారును, పదహారు నెలలు ఆ షెడ్డులో ఉంచి పునరుద్ధరించుకున్న తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

తాతగారు ఈ కారును 1956లో సికింద్రాబాద్‌లో కొన్నారు. 1979 నుంచి అది ఎక్కువ కాలం వరంగల్‌లోని ఇంటి వెనుక పాకలోనే ఉండిపోయింది. మధ్యలో ఒకసారి మా నాన్నగారు నగరంలోని మరొక వర్క్‌షాపులో పని చేయించారు గానీ, నిజానికి ఈసారి మేము పెట్టిన ఖర్చులో కొంత భాగం ఆ పనిని తొలగించడానికే పోయింది. అక్కడివారు మడ్‌గార్డులకు కూడా బాడీతో పాటు మెరూన్ రంగు వేశారు. ఈ మోడల్‌లో బాడీ ఏ రంగులో ఉన్నా ఫోర్డ్ సంస్థ మడ్‌గార్డులను నల్లగానే ఉంచేది. రేడియేటర్ చుట్టూ ఉండే షెల్‌కు వెండిరంగు పూశారు. 1930 నుంచి ఆ షెల్ తుప్పు పట్టని స్టీలుతో చేసినదని వారికి తెలియలేదు. ఉస్తాద్ మొదటి రోజే ఆ రంగును ఒక మూల తినర్‌తో తుడిచి, కింద మెరుస్తున్న లోహాన్ని చూపించి, దానికి బఫింగ్, అంటే రుద్ది మెరుగుపెట్టడం, తప్ప మరేమీ అవసరం లేదని చెప్పారు. అక్కడ ఒక పెద్ద బిల్లు తప్పింది.

ఈ షెడ్డు అసలు బలం ఇంజన్ పనిలో ఉంది. మోడల్ ఏ ఇంజన్ 3.3 లీటర్ల నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే) ఇంజన్. దాని శక్తి 40 హార్స్‌పవర్. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్ మూడు మెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది. ఈనాటి కార్లలో అరిగిన బేరింగ్ షెల్స్ తీసి కొత్తవి పెడితే సరిపోతుంది గానీ, ఈ ఇంజన్‌లో బేరింగుల కోసం తగరం ప్రధానంగా ఉండి ఆంటిమొని, రాగి కలిసిన వైట్ మెటల్ అనే మిశ్రమాన్ని కరిగించి నేరుగా బ్లాకులోనే, కనెక్టింగ్ రాడ్లలోనే పోయాలి. ఆ పని తెలిసినవారు ఇప్పుడు చాలా అరుదు. పాత లోహాన్ని కరిగించి తీసివేయడం, కొత్త లోహం అతుక్కునేలా తగరం పూత వేయడం, అచ్చు వేడెక్కిందో లేదో చూసుకుని ఒకే ధారగా పోయడం, ఆ తరువాత మూడు బేరింగులూ ఒకే వరుసలో ఉండేలా లైన్ బోరింగ్ చేయడం, ఇవన్నీ నేను పక్కనే నిలబడి చూశాను. చివరికి క్రాంక్‌కు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన చోట మాత్రమే స్క్రేపర్‌తో గీకుతూ సరిచేశారు. ఆ గీకుడు ఒక్కటే నాలుగు రోజులు పట్టింది. బేరింగు క్యాపుల కింద షిమ్ములు, అంటే సన్నని లోహపు పొరలు, వేశారు. ముందు ముందు బేరింగు అరిగితే ఒక పొర తీసి బిగించుకోవచ్చు. ఆనాటి మెకానిక్కులు కూడా అలాగే చేసేవారు.

నాకు ఆయన మీద గురి కుదిరింది మాత్రం మరొక సందర్భంలో. ఈ కారు తయారైనప్పుడు ఇంజన్ మీద ఉన్న నంబరునే ఛాసిస్ (కారు అడుగు చట్రం) ఎడమ పట్టీ పైన కూడా కొట్టేవారు. అది బాడీ కింద దాగి ఉంటుంది కనుక బాడీ ఎత్తితే తప్ప కనిపించదు. మా కారు బాడీ ఎత్తిన రోజు గ్రైండర్ పట్టుకున్న కుర్రవాణ్ణి ఆపి, ఆయనే కిరోసిన్‌తో, మెత్తని బ్రష్‌తో తుప్పు తుడిచారు. బయటపడిన నంబరు మా పాత ఆర్‌సీతో సరిపోయింది. ఇంజన్ మీది నంబరు వేరుగా ఉంది. ఎప్పుడో ఒకసారి అదే మోడల్‌కు చెందిన మరో ఇంజన్ ఎక్కించారన్నమాట. కారు చూడటానికి వచ్చిన ఒక బ్రోకరు, ఇంజన్ మీది నంబరు చెరిపి కొత్తది కొట్టిస్తే ధర పెరుగుతుందని సలహా ఇచ్చాడు. దానికి ఉస్తాద్ నా వైపు తిరిగి, "ఇంజన్ మారిందని కాగితంల రాస్కోండ్రి సార్. గా నంబరు మీద నా సుత్తె పడది" అన్నారు.

విలువ కట్టే విషయంలో కూడా ఆయన మాట నమ్మదగినదే. మోడల్ ఏ కార్లు 1927 నుంచి 1931 వరకు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. వాటి విడిభాగాలను అమెరికాలో ఇప్పటికీ కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటిది ఒక్క గిరాకీ కోసం ప్రత్యేకంగా బాడీ కట్టించుకున్న కారు. దాని ధరతో మన ఫోర్డ్ ధరను పోల్చుకుని ఆశలు పెంచుకునేవారిని నేను చూశాను. మా కారు విలువ దాని అరుదుదనంలో లేదు. అసలు బాడీ, అసలు ఛాసిస్, వరుస తెగని కాగితాలు, ఒకే కుటుంబంలో గడిచిన ఏళ్లు, వీటిలో ఉంది. మారిన ఇంజన్ వల్ల కొంత తగ్గుతుందని కూడా ఆయన ముందే చెప్పారు.

లోపాలూ చెప్పాలి. తొమ్మిది నెలలన్నది పదహారైంది. ఆరున్నర లక్షలన్న అంచనా తొమ్మిది లక్షల ఇరవై వేలకు చేరింది. పెరిగిన ఖర్చుకు కారణాలు న్యాయమైనవే అయినా, వాటిని ఎప్పటికప్పుడు రాసి ఇచ్చే అలవాటు షెడ్డులో లేదు. విప్పిన భాగాల ఫోటోలు కూడా తీయరు. నేను వారం వారం వెళ్ళి తీసుకున్న ఫోటోలే ఇప్పుడు నా దగ్గర ఉన్న ఏకైక రికార్డు. విద్యుత్ పని వారి బలం కాదు. ఈ కారులో 6 వోల్టుల బ్యాటరీ పాజిటివ్ కొస ఛాసిస్‌కు కలపాలి. బయటి నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని తలకిందులు చేశాడు. హెడ్‌లైట్లు వేయగానే, బ్యాటరీ ఖర్చవుతోందని చూపాల్సిన అమ్మీటరు ముల్లు చార్జింగ్ వైపుకు వెళ్ళడం చూసి నేనే ఆపించాను. మరోవైపు, నీరసంగా తిరిగే స్టార్టర్‌ను చూసి 12 వోల్టులకు మార్చేయకుండా, ఎవరో వేసిన సన్నని కేబుల్ తీసి లావు కేబుల్ వేయించిన తెలివి మాత్రం ఉస్తాద్‌దే. వోల్టులు సగమైనప్పుడు అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి కదా, సన్నని కేబుల్ దానికి చాలదు.

పని ముగిశాక వింటేజ్ రిజిస్ట్రేషన్ వివరాలు కూడా ఆయనే గుర్తుచేశారు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజన్‌లో గాని పెద్ద మార్పులు లేని వాహనానికి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, కాలపరిమితి 10 ఏళ్లు. ఆ నంబరుతో రోజువారీ పనులకు, కిరాయికి కారు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు వెళ్ళవచ్చు.

షెడ్డు శుక్రవారం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో ఉదయం పదిన్నర దాటాక వెళ్ళాలి, పాత ఆర్‌సీ వెంట తీసుకువెళ్ళాలి. కారు ఫోటోల కంటే ముందు ఆయన అడిగేది దాన్నే. ఎక్కువ రోజులు కారు నిలిపి ఉంచేవారికి ఆయన చెప్పే జాగ్రత్త ఒకటి ఉంది: ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు నీటిని పీలుస్తుంది కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి, దాని కింద నీరు, మడ్డి దిగే చిన్న గిన్నె విప్పి తుడిచి పెట్టుకోవాలి. మా కారుకు గుడ్డ టాపు పని ఇంకా మిగిలి ఉంది. దాని చెక్క కమానుల కొలతలు తీసుకోవడానికి వచ్చే నెల మళ్ళీ అక్కడికే తీసుకువెళుతున్నాను, ఈసారి ఒక నోటుపుస్తకం కూడా షెడ్డులోనే ఉంచి వస్తాను.